ముప్పై ఎనిమిది

నత్రజని బండి బెంగళూరు నుంచి రాలేదు.
ఏసీ మార్చిలోనే చచ్చిపోయింది.
"వానలు పడినాక కొలువు" అన్నారు సారు.
అనంతపురంలో ఆ మాటకు
ఎప్పటికీ వద్దనే అర్థం, కాస్త మర్యాదగా.

అగ్గిపుల్లలో సగం ఉన్న క్రోమియం ముక్క,
దానికి వెండిపూతతో అంటించిన నాలుగు తీగలు.
రెండు కరెంటు పోస్తాయి,
రెండు ఊరికే వింటాయి.
తెల్లారి ఐదుకి కిటికీలన్నీ తెరిపించాను.
హీటరు వద్దు దస్తగిరీ,
ఈరోజు ఊరే మన కొలిమి.

మిగిలిన తునక మీద ఆయన గుండుసూది పెట్టి చూశాడు.
"అయస్కాంతమంటివి గదమ్మా,
సూది గూడా అంటుకోల్యా."

ఎట్లా చెప్పను?
గార్లదిన్నెలో మా మిద్దె మీద
ఆరుగురం, చాప ఒకటే.
నా తల పక్కన సుంకన్న కాళ్ళు,
వాడి తల పక్కన లింగమ్మ కాళ్ళు,
అటొకరు ఇటొకరు తిప్పి పడుకుంటేనే పట్టేది.
వీధిలోంచి చూసేవాళ్ళకు
ఎటువైపూ మొగ్గు లేని ఒక కుప్ప.
చీకట్లో ఏ కాలు ఎవరిదో
అమ్మకు మాత్రం తెలుసు.

దీని లోపలా అంతే.
ప్రతి అణువూ ఒక సూదే,
పక్కదానికి ఎదురు తిరిగి పడుకుంది.
అన్నీ కూడితే సున్నా.
సున్నా ఏ సూదిని పట్టుకుంటుంది?

"మరి ఉండాదని ఎట్ల తెలిసె?"

మధ్యలోంచి నడిచేవాళ్ళను అడగాలి.
అర్ధరాత్రి చెంబు పట్టుకుని
మమ్మల్ని దాటి అవ్వ దగ్గరికి పోయే అమ్మను
అడిగినట్టు.

ఇరవై తొమ్మిది. ముప్పై ఒకటి.
ఎండ ఎక్కుతోంది, మీటరు దిగుతోంది.
దస్తగిరి పెట్టె మీద అరచేత్తో తట్టాడు:
"చెడిపోయినట్టుండాది.
వేడెక్కితే ఏ తీగయినా మొండికేస్తాది గదా."
ముప్పై మూడు. ఇంకా దిగింది.
పదిన్నరకి కరెంటు పోయింది,
ఇన్వర్టరు ఒకసారి మూలిగి పని అందుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది.
మేం వరసలో ఉన్నంతసేపూ అమ్మకు దారి ఉండేది కాదు,
పిట్టగోడ పట్టుకుని చుట్టూ తిరిగి పోయేది.
వరస కుదిరిన చోట
కొన్ని దారులు మూసుకుంటాయి.
ఉక్కకు ఒక్కొక్కరం చాప వదిలి
మూలకొకరం దొర్లిపోయాక
చెంబులో నీళ్ళు తొణక్కుండా
నడిమధ్యలోంచి నడిచి వెళ్ళేది.

పదకొండూ నలభై. ముప్పై ఎనిమిది.
అంకె ఆగింది.
ఒక ఊపిరి.
ఆ తర్వాత, ఏ రాగి తీగలానో,
మామూలుగా పైకి ఎక్కడం మొదలుపెట్టింది.
చాప ఖాళీ.

మధ్యాహ్నం వేడి లెక్క.
కరెంటు మోసే కూలీలే వేడినీ మోస్తారు,
ఒక భుజాన అదీ ఒక భుజాన ఇదీ.
మోసిన కరెంటును బట్టి
ఎంత వేడి చేరాలో ముందే చెప్పొచ్చు.
మూడుసార్లు వేశాను,
అవతలి ఒడ్డుకు కొంచెం ఎక్కువే చేరింది.
మస్టరులో పేరు లేని మనిషెవరో
పక్కనే మోస్తున్నాడు.
అణువుల వణుకే అయ్యుంటుంది, నిరూపించాలి.
ఉపాధి పనిలో మా నాయన
అట్లా ఒక ఎండాకాలమంతా మట్టి మోశాడు,
లింగమ్మ పేరు మీద.

సాయంత్రం దస్తగిరి మోపెడు తీస్తూ
హ్యాండిలు పట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.
"ఈ మెరుపు గూడా అదేనా?"
అదే. పూత కాబట్టి కొంచెం తేడా ఉండొచ్చు.
"అంటే పొద్దున్నించి ఊళ్ళో బండ్లన్నీ
లోపల చెదిరిపోయి తిరుగుతాండాయి,
ఎవురికీ తెలీకుండా."

రాత్రికి మళ్ళీ సర్దుకుంటాయి,
ముప్పై ఎనిమిది కిందికి దిగితే.

ఆయన గడియార స్తంభం వైపు చూశాడు.
గోడలు ఇంకా సెగ కక్కుతున్నాయి.
"దిగుతాదంటావా?"

పుస్తకంలో చివరి గడి నింపాను:
రాత్రి ఎనిమిదీ పది, గాలి లేదు.